సముద్రపు బురదలో దొరికిన బ్యాక్టీరియా మందు ఏదైనా నిజంగా మందుల షాపు దాకా చేరిందా?

ప్రశ్న: కాకినాడ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సెమిస్టరు చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా గైడు గారు రెండు అంశాలు చెప్పి, వారంలోగా ఏదో ఒకటి తేల్చుకొమ్మన్నారు. మొదటిది, ఆస్పత్రి నమూనాలలో యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఎంత శాతం ఉన్నదో లెక్కించడం. రెండవది, కోరంగి మడ అడవుల వైపు నుంచి బురద తెచ్చి, అందులోని ఆక్టినోమైసీట్లను (సన్నని పోగుల్లా పెరిగే ఒక రకం బ్యాక్టీరియాను) వేరుచేసి, అవి వ్యాధికారక బ్యాక్టీరియాను అడ్డుకొనే పదార్థాలేమైనా తయారుచేస్తున్నాయేమో చూడడం. నా మనసు రెండవ దాని మీదనే ఉన్నది.

అయితే మా నాన్నగారు చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నారు. నేను ఉత్సాహంగా ఈ సంగతి చెప్పగానే ఆయన అరల వైపు చెయ్యి చూపించి, "వీటిలో సముద్రపు బురదలోంచి వచ్చింది ఏదో ఒక్కటి తీసి చూపించు" అన్నారు. నేను చూపించలేకపోయాను. వ్యాసాలు చదివితే ప్రతి దానిలోనూ సముద్రం అంతులేని ఔషధ భాండాగారమని మొదటి పేరాలోనే రాసి ఉంటుంది గాని, ఆ భాండాగారం నుంచి బయటికి వచ్చిన మందు పేరు అడిగితే వ్యాసం మెల్లగా మరో విషయంలోకి వెళ్లిపోతుంది.

కాబట్టి నా సందేహాలు ఇవి. సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చి, రోగులకు నిజంగా వాడుతున్న మందులు ఉన్నాయా? ఉంటే ఎందుకు ఇంత తక్కువ? నాలుగు నెలల ప్రాజెక్టులో, పెద్ద యంత్రాలేవీ లేని మా కళాశాల ప్రయోగశాలలో, నిజాయితీగా చేయగలిగినది ఏమైనా ఉన్నదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత పరిశోధకుడు, విశాఖపట్నం

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్న సరైన ప్రశ్న. దానికి జవాబు ఒక బ్యాక్టీరియా కథ రూపంలో చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలోని ఆశ, ఆలస్యం, నిరాశ మూడూ ఆ ఒక్క కథలోనే కనబడతాయి.

ఆ బ్యాక్టీరియా పేరు సాలినిస్పోరా ట్రోపికా. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో ఉన్న స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన విలియం ఫెనికల్, పాల్ జెన్సన్ అనే శాస్త్రవేత్తలు 1980ల చివర బహామాస్ దీవుల దగ్గర సముద్రపు అడుగు నుంచి సేకరించిన మట్టిలో ఇది దొరికింది. అప్పటికి పాఠ్యపుస్తకాలలో ఉన్న అభిప్రాయం ఏమిటంటే, ఆక్టినోమైసీట్లు నేల మీది మట్టిలో బతికేవని, సముద్రంలో కనిపించేవన్నీ నదుల వెంట కొట్టుకువచ్చి నిద్రావస్థలో పడి ఉన్న వాటి బీజాలేనని. గోదావరి వరద కాలంలో యానాం దగ్గర నిలబడి ఎర్రనీరు సముద్రంలో ఎంతదూరం చొచ్చుకుపోతుందో చూసినవారికి ఆ అభిప్రాయం ఎంత సహజమో అర్థమవుతుంది. స్ట్రెప్టోమైసిన్ మొదలుకొని వాడుకలోని యాంటీబయాటిక్‌లలో పెద్ద భాగం నేల మీది ఆక్టినోమైసీట్ల నుంచే వచ్చాయి గనుక, అవే జీవులు కొట్టుకువచ్చి సముద్రంలో చేరితే వాటి కోసం పడవలు వేసుకొని వెళ్లడం వృథా అని చాలామంది అనుకున్నారు.

సాలినిస్పోరా ఆ అభిప్రాయాన్ని మార్చింది. దానిని సముద్రపు నీటితో చేసిన అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ వంటి మాధ్యమం) మీద పెంచితే నారింజ రంగు కాలనీలు కడుతుంది, బీజాలు ఏర్పడే కొద్దీ అవి నల్లబడతాయి. అదే అగార్‌ను మంచినీటితో చేస్తే అసలు పెరగనే పెరగదు. దీనికి కారణం 2012లో కొంతవరకు తేలింది. నేల మీది బ్యాక్టీరియాలో, చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గినప్పుడు లోపలి ఒత్తిడిని బయటికి వదిలే ఒక చిన్న ద్వారం వంటి ప్రోటీన్ ఉంటుంది. సాలినిస్పోరాలో ఆ ప్రోటీన్ జన్యువు పోయింది. తిరిగి ఆ జన్యువును చేర్చినప్పుడు అది తక్కువ ఉప్పును కూడా తట్టుకోగలిగింది. అంటే అది సముద్రానికి కొట్టుకువచ్చిన అతిథి కాదు, సముద్రాన్ని వదిలిపెట్టి బతకలేని స్థాయికి అక్కడే స్థిరపడిన జీవి.

దాని నుంచి వేరుచేసిన సాలినోస్పోరమైడ్-ఎ అనే అణువును 2003లో ప్రకటించారు. మన కణాలలో పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసి పారవేసే ప్రోటియాసోమ్ అనే యంత్రాంగం ఉంటుంది. క్యాన్సర్ కణాలు వేగంగా ప్రోటీన్లు తయారుచేస్తాయి గనుక ఈ శుభ్రపరిచే పని ఆగిపోతే అవి ముందుగా దెబ్బతింటాయి. ఇదే సూత్రం మీద పనిచేసే బోర్టెజోమిబ్ అనే కృత్రిమ మందుకు మయలోమా అనే రక్త క్యాన్సర్ చికిత్స కోసం అదే 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ప్రోటియాసోమ్‌ను పట్టుకొని కొంతసేపటికి వదిలేస్తుంది. సముద్రపు అణువు మాత్రం పట్టుకున్నాక వదలదు. దానిలోని క్లోరిన్ పరమాణువు విడిపోయి, మిగిలిన భాగం ప్రోటియాసోమ్‌కు శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఆ క్లోరిన్ సముద్రపు ఉప్పులోనిదే. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

మరిజోమిబ్ అనే పేరుతో 2006లో రోగులపై పరీక్షలు మొదలయ్యాయి. అది రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను దాటగలదు గనుక, గ్లియోబ్లాస్టోమా అనే భయంకరమైన మెదడు క్యాన్సర్ మీద ఆశలు పెట్టుకున్నారు. కొత్తగా వ్యాధి నిర్ధారణ అయిన 749 మంది రోగులతో జరిగిన మూడవ దశ పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ప్రామాణిక చికిత్సకు ఈ మందును చేర్చినవారికీ, చేర్చనివారికీ ఆయుర్దాయంలో ప్రయోజనకరమైన తేడా కనిపించలేదు, పైగా నడకలో తూలడం, భ్రమలు, తలనొప్పి వంటి బాధలు ఎక్కువయ్యాయి. మట్టి తీసిన నాటి నుంచి ఈ ఫలితం దాకా ముప్పై ఏళ్లకు పైగా పట్టింది, అయినా మీ నాన్నగారి అరలోకి ఆ మందు రాలేదు.

సమాధానం 2: ఫార్మకాలజీ అధ్యాపకురాలు, గుంటూరు

పై సమాధానం చాలా విలువైనది, కాని అది చదివితే ఇంతవరకు ఏదీ షాపు దాకా రాలేదన్న అభిప్రాయం కలుగుతుంది. కాబట్టి నేను మరోవైపు నుంచి చెబుతాను.

విద్యార్థిని గారూ, మీ నాన్నగారి షాపులో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ తప్పక ఉంటుంది. అది తీసి చూపించండి. రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులలో, 1945లో, ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలోని కాల్యరి నగరంలో జుసెప్పే బ్రోట్సు అనే ఆచార్యుడు, ఊరి మురుగు సముద్రంలో కలిసే చోట నీటిని పరీక్షించి, అందులో ఒక శిలీంధ్రాన్ని వేరుచేశాడు. అది టైఫాయిడ్ బ్యాక్టీరియాను కూడా అడ్డుకొన్నది. ఆనాటి పెన్సిలిన్‌కు చేతకాని పని అది. ఆయన శుద్ధిచేయని రసాన్నే కొందరు రోగులకు వాడి చూసి, 1948లో స్థానికంగా అచ్చయిన ఒక చిన్న ప్రచురణలో రాశాడు. తరువాత ఆ శిలీంధ్రం ఆక్స్‌ఫర్డ్ చేరింది. అక్కడ ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ కలిసి సెఫలోస్పోరిన్-సి అనే అణువును వేరుచేశారు. 1964లో ఆ వంశంలోని మొదటి మందు బజారులోకి వచ్చింది. ఇప్పటికీ సెఫ్ట్రియాక్సోన్ వంటి వాటికి కావలసిన మూల భాగాన్ని ఆ శిలీంధ్రపు సంతతిని పెంచే తయారుచేస్తారు. (సెఫలెక్సిన్‌ను మాత్రం పెన్సిలిన్‌ను మార్చి చేయడం సర్వసాధారణం కనుక, పొరపాటున దానిని చూపించకండి.)

రెండవ విషయం. కొన్ని మందులు సముద్ర జంతువుల పేరు మీద చలామణి అవుతున్నా, వాటి అసలు తయారీదారులు వాటిలోనో వాటి ఆహారంలోనో ఉన్న సూక్ష్మజీవులని తరువాత తెలిసింది. ట్రాబెక్టెడిన్ అనే క్యాన్సర్ మందు కరీబియన్ సముద్రంలో మడచెట్ల వేళ్లకు అంటుకొని పెరిగే ఒక ట్యూనికేట్‌లో దొరికింది. తిత్తి ఆకారంలో, జిగురుగా, గుత్తులు గుత్తులుగా ఉండే జంతువు అది. టన్ను జంతువులను పిండితే గ్రాము మందు వస్తుందనేది దాని గురించి తరచుగా చెప్పే లెక్క. నిజానికి దానిని తయారుచేసేది ఆ జంతువు శరీరంలో కాపురముంటున్న బ్యాక్టీరియా. దానిని బయట ప్లేటు మీద పెంచడం సాధ్యం కాలేదు. స్పెయిన్‌కు చెందిన ఫార్మామార్ అనే కంపెనీ చేసిన తెలివైన పని ఏమిటంటే, సూడోమోనాస్ అనే మామూలు బ్యాక్టీరియా తయారుచేసే, దాదాపు అదే అస్థిపంజరం ఉన్న వేరొక అణువును ఫెర్మెంటర్లలో (సూక్ష్మజీవులను పెంచే పెద్ద ట్యాంకులలో) పుట్టించి, దానిని రసాయన చర్యలతో ఈ మందుగా మార్చడం. 2007లో ఐరోపాలో, 2015లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

అలాగే సముద్రపు కుందేలు అని పిలిచే ఒక మెత్తని నత్తజాతి జంతువులో జార్జ్ పెటిట్ బృందం డోలాస్టాటిన్-10 అనే అణువును కనుగొని, 1987లో దాని నిర్మాణాన్ని ప్రకటించింది. 2001లో పలావ్ దీవుల దగ్గర దొరికిన ఒక సయనోబ్యాక్టీరియాలో అదే అణువు కనబడింది. నత్త మేసిన మేతలోనిదే ఆ విషమన్నమాట. ఆ అణువు నేరుగా మందుగా నిలబడలేదు. కాని దాని రూపాన్ని కొద్దిగా మార్చి యాంటీబాడీకి కట్టి పంపితే, హాజ్కిన్ లింఫోమా అనే క్యాన్సర్ చికిత్సలో వాడే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అయింది. 2011 నుంచి వాడుకలో ఉన్నది. అయితే ఈ రెండూ క్యాన్సర్ ఆస్పత్రుల మందులు. మీ నాన్నగారి అరలలో వెతకవద్దు.

సమాధానం 1 రాసినవారు తిరిగి

అధ్యాపకురాలి గారి వివరాలన్నీ సరైనవే. ఒక్క సెఫలోస్పోరిన్ విషయంలో మాత్రం నేను వినయంగా విభేదిస్తాను. మురుగు కాలువ సముద్రంలో పడే చోట దొరికినంత మాత్రాన ఆ శిలీంధ్రం సముద్రపు జీవి అయిపోదు. ఆ జాతి శిలీంధ్రాలు నేల మీద కూడా ఉంటాయి, ఉప్పునీరు లేకపోయినా హాయిగా పెరుగుతాయి. బహుశా అది ఊరి మురుగుతో పాటు వచ్చిందే. సముద్రం నుంచి తీసిన నీటిలో దొరకడం వేరు, సముద్రానికి చెందడం వేరు. ఆ రెంటినీ కలిపివేయడం వల్లనే మన పత్రికలలో ప్రతి ఏటా సముద్రపు కొత్త బ్యాక్టీరియా అంటూ నేల మీది స్ట్రెప్టోమైసిస్ అనే ఆక్టినోమైసీట్లు అచ్చవుతున్నాయి.

అధ్యాపకురాలు తిరిగి

మీ అభ్యంతరం శాస్త్రీయంగా న్యాయమైనదే. కాని ఆ పిల్ల షాపులో వాళ్ల నాన్నగారికి చూపించవలసినది ఏదో ఒకటి ఉండాలి కదండీ. దానిని సముద్ర తీరపు నీటిలో దొరికిన శిలీంధ్రం అని చెప్పమనండి, అబద్ధం కాదు.

సమాధానం 3: ఫెర్మెంటేషన్ ఇంజనీరు, హైదరాబాద్

నేను జీవశాస్త్రజ్ఞుణ్ని కాను. పరిశ్రమలో ఫెర్మెంటర్ల దగ్గర పనిచేస్తాను. ఎందుకు ఇంత తక్కువ అన్న ప్రశ్నకు, పరిశోధన వ్యాసాలలో అంతగా కనబడని ఒక కారణం మా వైపు నుంచి చెబుతాను. అది తుప్పు.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో క్లోరైడ్ ఒక్కటే 19 గ్రాముల పైచిలుకు. మా ఫెర్మెంటర్లన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని అందరూ అనుకుంటారు గాని, వేడి మీద క్లోరైడ్ తగిలితే దాని మీది రక్షణ పొర అక్కడక్కడ తెగి, సూదిమొనతో పొడిచినట్లు సన్నని గుంటలు పడతాయి. ప్రతి బ్యాచ్‌కు ముందు 121 డిగ్రీల ఆవిరితో స్టెరిలైజ్ చేయాలి గనుక ఆ వేడి తప్పదు. ఒకసారి గుంట పడితే అందులో మురికి చేరుతుంది, కడిగినా పోదు, దానిలో దాగిన వేరే బ్యాక్టీరియా తరువాతి బ్యాచ్‌ను చెడగొడుతుంది. ప్లేటు మీద పది కాలనీలు పెరిగితే సంతోషించే పరిశోధకుడికి ఈ బాధ కనబడదు. పది వేల లీటర్ల ట్యాంకు యజమానికి మొదట కనబడేది ఇదే.

సాలినిస్పోరా విషయంలో, మరిజోమిబ్ మీద పనిచేసిన నీరియస్ అనే అమెరికా కంపెనీ శాస్త్రజ్ఞులు ఈ సమస్యను ఎదుర్కొని, సోడియం క్లోరైడ్‌కు బదులు సోడియం సల్ఫేట్‌ను ఆధారం చేసుకొని, ఉప్పు తక్కువగా ఉండే మాధ్యమాలు తయారుచేశారు. కాని అణువులోనే క్లోరిన్ ఉన్నది కాబట్టి క్లోరైడ్‌ను పూర్తిగా తీసివేయడానికి వీలు లేదు. తుప్పు పట్టకూడదు, క్లోరిన్ మాత్రం అందాలి, ఈ రెండింటి మధ్య సరైన మోతాదు పట్టుకోవడమే వారి నైపుణ్యం. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ అణువు నీటిలో ఎక్కువసేపు నిలవదు, విరిగిపోతుంది. అందుకని పెరుగుతున్న ద్రవంలోనే రెసిన్ పూసలు వేసి, అణువు పుట్టిన వెంటనే ఆ పూసలకు అంటుకొనేటట్లు చేస్తారు. తరువాత పూసలను వడగట్టి మందును విడదీస్తారు. ఇలా లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు వచ్చేది వందల మిల్లీగ్రాములకు పెరిగింది. మోతాదు శరీర ఉపరితలం చదరపు మీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే తక్కువే గనుక, ఆ దిగుబడి పరీక్షలకు సరిపోయింది. ఉప్పునీటి బ్యాక్టీరియా నుంచి రోగులకిచ్చే స్థాయి మందును పరిశ్రమలో పుట్టించగలమని వారు నిరూపించారు. మందు చివరికి పరీక్షలో నిలవకపోవచ్చు గాని, ఆ ఫెర్మెంటేషన్ పాఠం వృథా పోదు. ఇది నా వృత్తి పక్షపాతం అనుకున్నా సరే.

ప్రశ్న అడిగినవారు తిరిగి

అందరికీ ధన్యవాదాలు. సెఫ్ట్రియాక్సోన్ డబ్బా తీసి చూపించి, విభేదంతో సహా అంతా వివరించాను. నాన్నగారు డబ్బాను తిప్పి తిప్పి చూసి, "మురుగు నీళ్లా!" అని మాత్రం అన్నారు.

నేను కోరంగి బురదనే ఎంచుకుంటున్నాను. మా దగ్గర ఆటోక్లేవ్, లామినార్ ఫ్లో, ఇంక్యుబేటర్, సాధారణ మైక్రోస్కోపు ఉన్నాయి. ఎల్.సి.-ఎం.ఎస్. (అణువులను విడదీసి వాటి ద్రవ్యరాశిని కొలిచే యంత్రం) లేదు. దొరికినది నేల మీదిదా, సముద్రానిదా అని నేనే తేల్చుకొనే మార్గం ఏమైనా ఉన్నదా?

సమాధానం 4: పీహెచ్‌డీ పరిశోధకుడు

ఉన్నది. దానికి ముందు నా సొంత కథ ఒకటి విని, నేను చేసిన పొరపాటు చేయకండి.

నా మొదటి సంవత్సరంలో ఒక సముద్రతీరపు బురద నుంచి చక్కని పసుపు నారింజ రంగును అగార్‌లోకి వదిలే ఒక ఆక్టినోమైసీట్ దొరికింది. స్టాఫిలోకాకస్ ప్లేటులో దాని చుట్టూ పెద్ద నిరోధ వలయం (ఆ బ్యాక్టీరియా పెరగలేని ఖాళీ చోటు) వచ్చింది. మా ప్రయోగశాల అంతా దానిని చూడడానికి వచ్చారు. నాలుగు నెలలు పెంచి, ఇథైల్ అసిటేట్‌తో రాబట్టి, కాలమ్ మీద శుద్ధిచేసి, నమూనాను బయటి ప్రయోగశాలకు పంపితే ద్రవ్యరాశి 1255 దగ్గర శిఖరం వచ్చింది. గైడు గారు కాగితం చూసి ఒక్కమాట కూడా అనకుండా నా ముందు పెట్టారు. అది ఆక్టినోమైసిన్-డి. ఆ వంశపు మొదటి పదార్థాన్ని స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1940లోనే కనుగొన్నారు. ఎనభై ఏళ్ల కిందట ఇతరులు కనుగొన్నదానిని నేను నాలుగు నెలలు శ్రమపడి మళ్లీ కనుగొన్నానన్నమాట. నిజానికి మొదటి వారంలోనే అనుమానించవలసింది. పెట్రీ ప్లేటు మూత తీయగానే తొలకరి చినుకులకు మట్టి నుంచి లేచే వాసన గుప్పుమన్నది. అది జియోస్మిన్ వాసన, స్ట్రెప్టోమైసిస్‌ల ఆనవాలు. నాకు ఆ వాసన ఇష్టం గనుక ఆనందించాను గాని, ఆలోచించలేదు.

ఇక మీ పని. బురదను ఆటు సమయంలో, పై పొర తీసివేసి, శుభ్రమైన సీసాలో సేకరించండి. కోరంగి వన్యప్రాణి అభయారణ్యం గనుక లోపల సేకరించాలంటే అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, దీనికి కొన్ని వారాలు పట్టవచ్చు, కాబట్టి దరఖాస్తు ఈ వారమే పెట్టండి. వీలైతే మత్స్యకారుల పడవలో కొంత బయటికి వెళ్లి సముద్రపు అడుగు మట్టి కూడా తెచ్చుకోండి. మడ అడవుల నీటిలో గోదావరి ప్రవాహాన్ని బట్టి ఉప్పు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అక్కడ బతికే జీవులు రెండు రకాల నీటికీ అలవాటు పడి ఉంటాయి గనుక, సాలినిస్పోరా వంటి పట్టుదల గల సముద్ర జీవి దొరికే అవకాశం బయటి మట్టిలోనే ఎక్కువ అని నా అంచనా.

మట్టిని సముద్రపు నీటిలోనే పలుచన చేసి, 55 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు వేడిచేయండి. తొందరగా పెరిగి ప్లేటును ఆక్రమించే మామూలు బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, ఆక్టినోమైసీట్ల బీజాలు తట్టుకుంటాయి. మరో పద్ధతి, మట్టిని లామినార్ ఫ్లోలో రాత్రంతా ఆరబెట్టి, పొడిచేసి, శుభ్రమైన నురుగు ముక్కను ఆ పొడిలో అద్ది, ప్లేటు మీద ముద్ర వేసినట్లు వరుసగా అద్దుకుంటూ పోవడం. ముద్రలు వేసే కొద్దీ పొడి తగ్గుతుంది గనుక కాలనీలు విడివిడిగా వస్తాయి. శిలీంధ్రాలు రాకుండా నిస్టాటిన్ కలపండి. మాధ్యమంలో పోషకాలు తక్కువగా వేయండి. కొద్దిగా పిండిపదార్థం, అంతకంటే తక్కువ పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ చాలు. ఎక్కువ తిండి పెడితే తొందరగా తినేవే ముందు పెరుగుతాయి.

అన్నిటికంటే కష్టమైన భాగం ఎదురుచూడడం. మూడవ రోజు ఏమీ కనబడలేదని ప్లేట్లు పారవేయకండి. కనీసం ఆరు వారాలు ఉంచండి. ఎండిపోకుండా అంచులకు పారాఫిల్మ్ చుట్టండి. ఇంక్యుబేటర్‌లో మీ ప్లేట్ల మీద పేరు, తేదీతో పాటు "పారవేయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. నా ప్లేట్లు ఒకసారి సెలవులలో శుభ్రం చేసే ఉత్సాహానికి బలైపోయాయి.

కాలనీలు వచ్చాక ప్రతి దానినీ రెండు ప్లేట్ల మీద గీయండి. ఒకటి సముద్రపు నీటితో చేసినది, మరొకటి అంతే పోషకాలతో డిస్టిల్డ్ వాటర్‌తో చేసినది. రెంటిమీదా సమానంగా పెరిగినది నేల మీది నుంచి వచ్చినదై ఉండవచ్చు, లేదా రెంటికీ అలవాటు పడినది కావచ్చు. రెండవ దాని మీద అసలు పెరగనిది దొరికితే, దానిని వేరే ప్లేట్లలో, గ్లిజరాల్‌లో, రెండు చోట్ల భద్రపరచండి. ఆ ఒక్క పట్టికనే, అంటే ఎన్ని కాలనీలలో ఎన్నింటికి సముద్రపు నీరు తప్పనిసరి అన్నదానినే మీ ప్రాజెక్టుకు కేంద్రం చేసుకోండి. నిరోధ వలయాలు కొలవడం ఆ తరువాతి సంగతి. వలయం ఎంత పెద్దదైతే అంత గొప్ప అణువు అని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ వలయపు అడ్డుకొలత, పదార్థం అగార్‌లో ఎంత వేగంగా వ్యాపిస్తుందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది.

16ఎస్ జన్యు పరీక్ష (బ్యాక్టీరియా ఏ జాతిదో గుర్తించే పరీక్ష) బయట చేయించుకోవచ్చు. అయితే అన్నిటికీ చేయించి డబ్బు ఖర్చుపెట్టకుండా, వాసన రానివి, తెల్లని పొడి వంటి పైపొర కట్టనివి, ఉప్పునీరు లేనిదే పెరగనివి ముందుగా ఎంచుకొని రెండు మూడింటికి చేయించండి. ఎవరైనా విదేశీ ప్రయోగశాల నుంచి కల్చర్ పంపమని అడిగితే మాత్రం తొందరపడి కొరియర్ చేయకండి. జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి.

ప్రశ్న అడిగినవారు తిరిగి

అటవీశాఖకు దరఖాస్తు ఈ ఉదయమే ఇచ్చాను. అనుమతి వచ్చేలోగా ఉప్పాడ వైపు నుంచి వేటకు వెళ్లే ఒక పడవలో బయటి మట్టి తెప్పించే ఏర్పాటు జరుగుతున్నది. మట్టిని పైకి తెచ్చాక ప్రయోగశాల చేరడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంతసేపు మంచులో ఉంచితే సరిపోతుందా, లేక మంచు వల్లనే ఆ జీవులకు హాని జరుగుతుందా?

సమాధానం 4 రాసినవారు తిరిగి

చల్లని పెట్టెలో ఉంచండి, కాని మంచు ముక్కలు నేరుగా సీసాకు తగలనివ్వకండి, గడ్డకట్టనివ్వకండి. బీజాలకు ఐదు గంటలు లెక్కలోకి రావు. సీసాను పైదాకా నింపకుండా కొంత ఖాళీ వదలండి. ఆ పడవలోనే ఒక డబ్బా నిండా సముద్రపు నీరు కూడా తెప్పించుకోండి, మాధ్యమం చేయడానికి అదే కావాలి. డబ్బా ఇంతకుముందు డీజిల్ పోసినది కాకుండా చూసుకోండి.